అమ్మవారు పడవ వెనక్కి వెళ్ళిన రోజు

ఆ రోజుల్లో గోదావరి మధ్యనున్న మా లంకలోకి ఏ కబురు రావాలన్నా పాలత్తయ్య క్యానుతోపాటే వచ్చేది. సెల్‌ఫోన్లు అప్పటికే వచ్చాయి కానీ సిగ్నలు కోసం ఏటిగట్టు ఎక్కాల్సి వచ్చేది. పాలత్తయ్యకి ఆ ఇబ్బంది లేదు. పాలు కొలిచి పోసేది, కబుర్లు మాత్రం కొలవకుండా పోసేది. మా పిన్ని పడవ నడిపిందన్న సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది ఆవిడే. నాయనమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతుంటే, క్యాను అరుగు మీద దించకుండానే మొదలుపెట్టింది.

"ఏవండోయ్ పెద్దమ్మగారూ, మీ చిన్నకోడలు నిన్న సందేళ పడవెక్కిందంటండి."

"ఎక్కితే వింతేంటే? వాడికి అన్నం పట్టుకుని రోజూ ఎక్కుతానే ఉంది కదా" అంది నాయనమ్మ, వత్తి ఎగదోస్తూ.

"ఎక్కడం కాదండీ బాబూ. ఎనకాల చుక్కాని కాడ నిలబడి నడిపిందంట. ఇంజను కూడా తనే తిప్పిందంట. అవతలి గట్టుకెళ్ళి మళ్ళా వచ్చిందంట, ఆయ్! రేవంతా అదే మాట."

నాయనమ్మ ఏమంటుందోనని నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆవిడ దీపానికి దణ్ణం పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, "తిరిగొచ్చాక పడవ గట్టిగానే కట్టిందా మరి?" అని మాత్రం అడిగింది. పాలత్తయ్య కబురు అంతా తెచ్చి, ముఖ్యమైన ముక్క మరిచిపోయినదానిలా మొహం పెట్టి పాలు పోసేసి వెళ్ళిపోయింది.

ఇక్కడ నా గురించి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే తరవాత నేను చేసిన ఘనకార్యం మీకు బోధపడదు. మాకు బడి ఏటికి అవతల ఉండేది. మా అమ్మది రామచంద్రపురం దగ్గర ఊరు. ఆవిడకి తెలిసిన నీళ్ళంటే వరిచేల మధ్య బోదెల్లో బుద్ధిగా పారే నీళ్ళే. పెళ్ళయి మా లంకకి వస్తూ మొదటిసారి నడి గోదావరి చూసి కళ్ళు మూసుకుందట, అత్తారింటి గడప తొక్కేదాకా తెరవలేదట. అలాంటి మనిషి కన్నబిడ్డని రోజూ ఆ నీళ్ళ మీద బడికి పంపుతుందా? అందుకని మా వసారాయే నాకు బడి, నాయనమ్మే పంతులమ్మ. ఆవిడ భక్తి పుస్తకాల్లోనే అక్షరాలు దిద్దాను. లెక్కలు నాన్న చేపల బుట్టల దగ్గర నేర్పాడు. (భూగోళం ఎవరూ నేర్పలేదు. అవతలి గట్టు దాటాక ఏముంటుందో చాలా ఏళ్ళు నాకు స్పష్టంగా తెలియదు.) అయినా ఆ చదువుకి నేను ఈనాటికీ రుణపడే ఉన్నాను. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఏ దేవుడికి ఏ పువ్వు ఇష్టమో, ఏ నోముకి ఏ ఉద్యాపనో, అన్నీ నోటికి వచ్చేశాయి. ఊళ్ళో ఎవరింట్లో పూజన్నా "ఆ స్తోత్రాల పిల్లని పిలవండర్రా" అనేవారు. ఆ పిలుపు నాకు ఎంత తలకెక్కిందంటే, నేను రాగం తీస్తే తప్ప దేవుళ్ళు ఇటు చూడరని లోలోపల ఒక నమ్మకం. ఇన్నేళ్ళూ నన్ను భరించిన ఆ దేవుళ్ళ ఓపికకి వెయ్యి దణ్ణాలు.

ఇక పిన్ని సంగతి. మా బాబాయిది రేవులో ఇంజను పడవ. మనుషుల్నీ, కొబ్బరికాయల బస్తాల్నీ, అప్పుడప్పుడు ఒక గేదెనీ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరుస్తూ ఉండేవాడు. ఆ ఇంజనుకి బటను నొక్కితే లేచే అలవాటు లేదు. ఇనప హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాలి. ఒకరోజు తిప్పుతుంటే ఆ హ్యాండిలు వెనక్కి తన్ని బాబాయి ముంజేయి విరిగింది. సిమెంటు కట్టు వేశారు. పడవ ఆగితే వాళ్ళింట్లో పొయ్యి ఆగుతుంది. రేవులో ఉన్న రెండో పడవ చెక్కలు మార్చడానికి గట్టెక్కి ఉంది. అప్పుడే పిన్ని కొంగు దోపి చుక్కాని పట్టుకుంది. ఆవిడకి అది ఒక్క రోజులో వచ్చిన విద్య కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా పక్కన కూర్చునేది. మిగతా మగవాళ్ళు పెళ్ళాలకి సినిమా కబుర్లు చెబితే, మా బాబాయి ఫ్యాను కబుర్లు చెప్పేవాడు. పడవ కింద నీళ్ళల్లో తిరిగే రెక్కల్ని మా రేవులో ఫ్యాను అనే అంటారు.

ఆ ఫ్యాను గొడవ ఇదీ. నీళ్ళల్లో ఉన్నంతసేపూ దానికి బరువు ఉంటుంది, నీటిని వెనక్కి తోస్తూ పద్ధతిగా తిరుగుతుంది. కెరటాల్లో పడవ ముక్కు కిందకి దిగి తోక పైకి లేచిందంటే ఫ్యాను గాల్లోకి వచ్చేస్తుంది. నూతిలో చేద తాడు తెగితే గిలక ఎలా గిర్రున తిరుగుతుంది? అలాగన్నమాట. తొయ్యడానికి నీళ్ళు లేక పిచ్చెత్తినట్టు తిరుగుతుంది, ఇంజను గావుకేకలు పెడుతుంది. అంతలో తోక మళ్ళీ నీళ్ళల్లో పడుతుంది, అంత వేగంగా తిరుగుతున్న ఫ్యాను మీద నీటి బరువంతా ఒక్కసారే పడుతుంది. ఆ దెబ్బ రెక్కలకి తగిలి, ఇనప కడ్డీ గుండా పాకి, ఇంజనుకీ కడ్డీకీ ముడి వేసే బోల్టుల దగ్గరికి వస్తుంది. అవి తెగాయా, ఇంజను ఒకటే మోగుతుంది, పడవ కదలదు. ఇది చాలదన్నట్టు, ఇంజనుని చల్లబరిచే నీళ్ళు పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. తోక లేస్తే అది నీళ్ళకి బదులు గాలి పీలుస్తుంది. ఇంజను వేడెక్కిపోతుంది. "ఇంజను అరిచాక తగ్గిత్తే ఆలీసమైపోద్దే. చెవితో కాదు, అరికాలితో ఇను. తోక లేవబోయే ముందు చెక్క చెప్పుద్ది" అనేవాడట బాబాయి, చేపముక్క నవులుతూ. పిన్ని ఎంగిలి గిన్నెలు సర్దుకుంటూ వినేది. (ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ రోజుకి నాకు తెలిసినదల్లా, పడవకి ముందొక కొస, వెనకొక కొస ఉంటాయని.)

పిన్ని పడవ నడపడం రేవుకి పెద్ద అయిన పెద్దతాతకి నచ్చలేదు. "ఆడమనిషి చేతిలో ఇంతమంది పేణాలు పెట్టటమేంటర్రా?" అన్నాడు రచ్చలో. కానీ చిక్కేమిటంటే, తన మనవరాలి పెళ్ళికి జనాన్ని దాటించమని అంతకుముందే ఆయన బాబాయికి తాంబూలం ఇచ్చి ఉన్నాడు. మా వైపు తాంబూలం ఇచ్చిన పడవని, దాన్ని నడిపే ఇంటివాళ్ళని మార్చరు, అది పెళ్ళికి మంచిది కాదని. అందుకని ఆయన తీర్పు ఇలా చెప్పాడు: పెళ్ళికి ఈ పడవే వస్తుంది, ఈ అమ్మాయే నడుపుతుంది, ఆ రోజు ఏ చిన్న తేడా వచ్చినా సరే, మర్నాటి నుంచి రేవు మీద ఆ పడవ తిరగటానికి వీల్లేదు, దాన్ని ఇంకో మగవాడికి అప్పజెప్పాలి. బాబాయి విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తలదించుకున్నాడు. ఆ పడవ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, కట్టించింది.

పిన్ని మాత్రం "అలాగేనండి మావయ్యగారూ" అంది. "కానీ ఒక్క మాటండి. పొద్దున్నే బయల్దేరాలి. ఎండ ముదిరితే సముద్రం మీంచి గాలి లేత్తాది. అదే టైముకి పాటు తీత్తాది. నీళ్ళు సముద్రానికి పోతుంటే గాలి ఎదురు తోత్తాది. ఆ రెండూ కొట్టుకుంటే ఏరు ఎగిరిపడుద్దండి."

"మా పిల్ల పెళ్ళికి మేం ఆలీసం చేత్తామా? నువ్వు తయారుగా ఉండు చాలు" అన్నాడు పెద్దతాత.

పెళ్ళిరోజు తెల్లవారేసరికే పిన్ని పడవ కడిగి, డీజిలు పాతచీర గుడ్డలో వడకట్టి పోసి, రేవులో కూర్చుంది. గోధూళి ముహూర్తం, అవతల గట్టున బస్సు, అక్కడి నుంచి పెనుగొండ దగ్గర పెళ్ళికొడుకు ఊరు. తీరిగ్గా వెళ్ళొచ్చు. ఆ తీరికే కొంప ముంచింది. పెళ్ళికూతురు ఇంటి మెట్లు దిగుతుంటే వీడియో అబ్బాయి "ఇంకోసారి దిగండి, కొంచెం నవ్వుతూ" అన్నాడు. ఆ పిల్ల నవ్వుతూ దిగేసరికి వాళ్ళమ్మ ఏడవటం మొదలుపెట్టింది, ఏడుపు బాగా వచ్చిందని అది ఇంకోసారి తీశాడు. తీరా అందరూ గుమ్మం దాటాక పెళ్ళికూతురి మేనత్త తుమ్మింది. ఒంటి తుమ్ము! అందరూ లోపలికెళ్ళి కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచారు. దారిలో బాసికాలు మరిచిపోయామని ఒకరు వెనక్కి పరిగెత్తారు. మేం రేవుకి వచ్చేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పిన్ని ఏటివైపు చూసింది, పెద్దతాత వైపు చూసింది. ఆయన పిడతలో సున్నం కోసం వెతుక్కుంటున్నాడు.

"పోనీ చల్లబడ్డాక బయల్దేరదామాండి?" అని అడిగింది పిన్ని.

"ముహూర్తం నీకోసం ఆగుద్దా ఏంటమ్మాయ్? ఏరు అద్దంలా ఉంది. భయమైతే చెప్పు" అన్నాడాయన. నిజమే, గట్టు దగ్గర ఏరు అద్దంలాగే ఉంది.

పిన్ని మాత్రం, నీళ్ళల్లో పడితే తేల్చే ఆ నారింజరంగు జాకెట్లు అందరూ కట్టుకుంటేగానీ హ్యాండిలు ముట్టుకోనంది. "పట్టుచీర మీద ఇదేంటే, సోకు పోదూ" అని ఆడవాళ్ళు గోల పెట్టారు. అప్పటిదాకా వాటిని మెత్తగా ఉన్నాయని కింద వేసుకుని కూర్చున్నారు మరి. పిన్ని చేతులు కట్టుకుని అలా నిలబడే ఉంది. చివరికి పెళ్ళికూతురే ముందు కట్టుకుంది. తరవాత సారె కావిళ్ళు, లడ్డూ బుట్టలు నడుమ పెట్టించి, బరువైనవాళ్ళని వెనక వరసల్లో కూర్చోబెట్టి, "ముందు తేలిగ్గా ఉండాలి, ఎవరి చోట్లో ఆళ్ళు కూకోండి" అని మరీ మరీ చెప్పింది. పెద్దతాత పర్యవేక్షణకని చుక్కాని పక్కనే పీట వేయించుకున్నాడు.

నేను ఆ పడవలో ఎందుకున్నానంటే, మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ రాలేక నా చేతికి పసుపు, కుంకుమ, హారతి కర్పూరం ఉన్న పళ్ళెం ఇచ్చి పంపింది. మా వైపు పెళ్ళిపడవ నడి ఏట్లోకి రాగానే ముక్కు దగ్గర నిలబడి గోదారమ్మకి పసుపుకుంకుమలు ఇచ్చుకోవాలి. పెళ్ళికూతురు క్షేమంగా అత్తారింటి గట్టు చేరాలని. అంత పెద్ద పని ఊరంతట్లోకీ నాకే అప్పజెప్పారు. అమ్మ మొహం పాలిపోయి గట్టు మీద నిలబడింది. నేను మాత్రం పళ్ళెం పట్టుకుని, గోదావరికి పూచీ నాదే అన్నట్టు ఎక్కాను.

గట్టు విడిచిన కాసేపటి వరకూ హాయిగా ఉంది. లంక మలుపు దాటామో లేదో, పిన్ని చెప్పిన గాలి రానే వచ్చింది. దూరంగా నీళ్ళు నల్లబడ్డాయి, ఆ నలుపు మీద తెల్లటి నురుగులు లేచాయి. కెరటాలు పెద్దవి కావు కానీ నిటారుగా, ఒకదాని వెనక ఒకటి తొక్కుకుంటూ వస్తున్నాయి. మొదటి కెరటానికి పడవ ముక్కు లేచి పడింది, నీళ్ళు అందరి మొహాల మీదా కొట్టాయి. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. వీడియో అబ్బాయి కెమెరా సంచిలో పెట్టేసి, ఆ సంచీనే కావలించుకున్నాడు. ఇదిగో, నా వంతు వచ్చిందనుకున్నాను. నడి ఏరు వచ్చింది, అమ్మవారికి కోపం వచ్చింది, పసుపుకుంకుమలు నా చేతిలో ఉన్నాయి. ఇంకేం కావాలి? బల్లలు పట్టుకుంటూ ముక్కు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని నాకు వచ్చిన స్తోత్రం ఎత్తుకున్నాను.

నన్ను చూసి పెళ్ళికూతురి తల్లి వచ్చింది. ఆవిడ వెనక మేనత్త వచ్చింది. మేనత్త వెళితే తాము ఉండిపోతే బాగోదని మిగతావాళ్ళు వచ్చారు. ప్రతి ఒక్కరికీ తన చిటికెడు పసుపు తనే వెయ్యాలని. హారతి ఇస్తుంటే మేళం లేకపోతే ఎలా అని ఎవరో అనేసరికి డోలు వాయించే ఆయన కూడా డోలుతో సహా ముందుకి వచ్చేశాడు. (మనిషి మంచి పుష్టిగా ఉండేవాడు, డోలు అంతకన్నా.) ఇక చెప్పేదేముంది? పడవ ముక్కు నీళ్ళల్లోకి వంగింది, తోక లేచింది. ఫ్యాను గాల్లోకొచ్చి ఇంజను ఒక్క కేక పెట్టింది. అలాంటి అరుపు నేను అదివరకెప్పుడూ వినలేదు. అంతలోనే ధబ్బుమని తోక నీళ్ళల్లో పడి పడవంతా అదిరింది. మళ్ళీ కేక, మళ్ళీ ధబ్బు.

"అమ్మోరికి ఇంకా కోపం తగ్గలేదర్రా!" అంది మేనత్త.

నేను గొంతు పెంచాను. నేను పెంచితే డోలు ఆయన ఇంకా గట్టిగా వాయించాడు. మిగిలిన ఒకరిద్దరు కూడా ముందుకి వచ్చారు. ముక్కు ఇంకాస్త వంగింది, ఇంజను ఇంకాస్త అరిచింది. మా భక్తి పెరిగినకొద్దీ ప్రమాదమూ పెరుగుతోందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. వెనకనుంచి పిన్ని ఏదో అరుస్తోంది, ఒక చెయ్యి ఊపుతోంది. ఇంజను హోరులో, డోలు హోరులో, నా హోరులో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. పెళ్ళికూతురి తల్లి మాత్రం వెనక్కి తిరిగి చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "చూశావా అమ్మడూ, ఆ పిల్ల కూడా చెయ్యెత్తి మొక్కుతోంది" అంది.

అప్పుడు పిన్ని ఇంజను వేగం బాగా తగ్గించింది, ముక్కు మాత్రం కెరటానికి ఎదురుగా ఉండేటంత ఉంచి. పూర్తిగా ఆపితే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ మీద కెరటం పడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆ కాస్త నిశ్శబ్దంలో ఆవిడ గొంతు వినబడింది. "లేచి పరిగెత్తుకు రండి" అని ఆవిడ అని ఉంటే అందరం ఒక్కసారే లేచేవాళ్ళం, ఏదో ఒక పక్కకి పడేవాళ్ళం, పడవ తిరగబడేది. పిన్ని అలా అనలేదు.

"అమ్మడూ! అమ్మోరు ముందు లేదే. ఎనక్కొచ్చేసింది. ఇక్కడ ఫ్యాను కాడుంది. పళ్ళెం ఇటు తీసుకురా. లేవకు, హారతి కొండెక్కుద్ది. కూకునే జరుగుతా నడిమజ్జన రా. నీ ఎనకాల ఒకళ్ళ తరవాత ఒకళ్ళు రావాలని చెప్పు. ముందు ఆ డోలుని పంపు!"

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం తటపటాయించాను. అమ్మవారు పడవ వెనక ఉంటుందని నాయనమ్మ పుస్తకాల్లో ఎక్కడా లేదు. కానీ పిన్ని మొహం చూశాను. జుట్టంతా తడిసి బుగ్గలకి అంటుకుపోయింది. కళ్ళల్లో మాత్రం ఇంట్లో పాలు పొంగుతుంటే మంట తగ్గించే మనిషికి ఉండేంత కంగారే ఉంది. ఆ కళ్ళని నమ్మాను. డోలు ఆయన ముందు, ఆయన వెనక నేను పళ్ళెంతో, నా వెనక పట్టుచీరల వరస, అందరం పిరుదుల మీద జరుగుతూ, బాతుపిల్లల్లా పడవ నడిమిలోంచి వెనక్కి బయల్దేరాం. ఒక్కొక్కరం సారె బుట్టలు దాటుతున్నకొద్దీ ఇంజను గొంతు దిగుతూ వచ్చింది. కీచుగా ఉన్నది బొంగురయింది, బొంగురుగా ఉన్నది నిండుగా అయింది. ఇంజనుని చల్లబరిచి బయటికి పోయే నీళ్ళు, అప్పటిదాకా ఆగిపోయినవి, పక్క గొట్టంలోంచి మళ్ళీ దూకాయి.

"శాంతించిందర్రా తల్లి!" అని మేనత్త చెంపలు వేసుకుంది.

నేను పిన్ని కాళ్ళ దగ్గర చేరాను. "పసుపు ఎక్కడ రాయాలి పిన్నీ?" అని అడిగాను భక్తిగా.

"ఆ ఇంజను పెట్టె మీద రాసి, గట్టిగా కూకో తల్లీ. ఇప్పుడు నీ బరువే నైవేద్యం" అంది, నా వైపు చూడకుండానే.

ఆ తరవాత గట్టు చేరేదాకా నేను చూసింది ఈ జన్మకి మరిచిపోలేను. కెరటాలు తగ్గలేదు. తోక ఇంకా లేస్తూనే ఉంది, కాకపోతే కొంచెం. పిన్ని చెప్పుల్లేని పాదం చెక్క మీద ఆనించి నిలబడింది. ఒక చెయ్యి చుక్కాని మీద, రెండో చెయ్యి ఇంజను వేగం పెంచే కడ్డీ మీద. కెరటం కింద నుంచి దూరబోతుందనగా ఆ చెయ్యి వెనక్కి వచ్చేది. ఫ్యాను పైకి తేలినా ఊరికే నెమ్మదిగా తిరిగేది. తోక నీళ్ళల్లో కూర్చున్నాక, కాస్త ఆగి, మెల్లగా మళ్ళీ ఇచ్చేది. పసిబిడ్డకి ఉగ్గుపాలు పట్టే తల్లి చెయ్యి అలాగే ఉంటుంది. బిడ్డ గుటక వేసేదాకా ఆగుతుంది, వేశాక మళ్ళీ వంచుతుంది, పొలమారనివ్వదు. అంత పెద్ద ఇనప ఇంజనుకి ఆవిడ ఆ ఏటి మధ్యలో పొలమారకుండా ఉగ్గు పట్టింది. నా నోట్లో స్తోత్రం ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. కానీ ఒట్టేసి చెప్తాను, అంత నిండుగా దణ్ణం పెట్టుకున్న రోజు నాకు ఇంకోటి లేదు. పెద్దతాత కూడా సున్నం సంగతి మరిచిపోయి ఆ చేతినే చూస్తున్నాడు.

గట్టు చేరాం. ముహూర్తానికి ఇంకా టైముండగానే పెళ్ళిపందిరి చేరాం. పెళ్ళికూతురు చీర తడిసిందని వాళ్ళమ్మ మళ్ళీ ఏడ్చింది కానీ, అది తీసే ఓపిక వీడియో అబ్బాయికి లేదు. పిన్ని మాత్రం పెళ్ళికి రాలేదు. పడవ దగ్గరే ఉండిపోయి, ఇంజను పెట్టె తెరిచి చూసుకుందట. ఇంజనునీ కడ్డీనీ కలిపే బోల్టు ఒకటి సగానికి తెగి వేలాడుతోంది. అది మార్చుకుని, తెగినదాన్ని కొంగున కట్టుకుని తెచ్చి బాబాయికి చూపించింది. ఆయన దాన్ని బాగున్న చేతిలో తిప్పి తిప్పి చూసి, "నేనైతే రెండో కేకకే కంగారుపడి ఇంజను ఆపేసేవోణ్ణే" అన్నాడట. పిన్ని ఈ మాట నాకు చెబుతున్నప్పుడు సిగ్గుపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడు ఇచ్చిన మెచ్చుకోలు కదా.

కానీ తీర్పు చెప్పాల్సింది పెద్దతాత. మర్నాడు పొద్దున్న తిరుగు ప్రయాణానికి అందరం రేవుకి వచ్చాం. పిన్ని హ్యాండిలు పట్టుకుని నిలబడింది కానీ తిప్పలేదు, ఆయన ఏమంటాడోనని. ఆయన పడవెక్కాడు, జాకెట్టు తీసి పంచె మీద తనే కట్టుకున్నాడు, ముందుకి వెళ్ళబోతున్న తన సొంత వియ్యంకుణ్ణి చొక్కా పట్టుకుని ఆపాడు. "ఆగండి బావగారూ! ముందుకి పోతే ముక్కు వంగుద్ది. ముక్కు వంగితే ఫ్యాను గాల్లో తిరుగుద్ది. మా పిల్లకి ఇంజను పాడైపోద్ది. ఎనక్కి కూకోండి" అని, పిన్ని వైపు తిరిగి, "తిప్పవే అమ్మాయ్, చూత్తావేంటి?" అన్నాడు.

అంతే. ఆ తరవాత ఆ చుక్కాని సంగతి రేవులో ఎవరూ ఎత్తలేదు. బాబాయి చెయ్యి బాగయ్యాక కూడా పిన్నే నడిపింది. హ్యాండిలు తిప్పటం, టికెట్టు కొయ్యటం ఆయన పని. జనం ఆవిణ్ణి ఇంజను పిన్ని అన్నారు. వరదలప్పుడు పురుళ్ళకి వెళ్ళాల్సిన ఆడవాళ్ళని ఎంతమందిని దాటించిందో, అందులో ఒకరిద్దరు తమ పిల్లలకి ఆవిడ పేరే ఎలా పెట్టుకున్నారో, అదంతా వేరే కథ.

అసలు విషయం, అంటే ఆ రోజు పడవ తోక లేపింది ముందుకి చేరిన మా బరువేనని, బయటపడ్డాక నేను మాత్రం కొన్నాళ్ళు పిన్ని మొహం చూడలేకపోయాను. "అమ్మవారు వెనకుందని అబద్ధం చెప్పావు కదూ?" అని ఉక్రోషంగా అడిగాను ఒకసారి. పిన్ని వల సర్దుతూ నవ్వింది. "అబద్ధమేంటే? మనల్ని అవతలికి తోసేదెవరు? ఫ్యాను. అది దేనిలో ఉంటే తోత్తాది? నీళ్ళల్లో ఉంటే. మరి నీళ్ళెవరు?" నేను నాయనమ్మ దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాను. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తి, "పిలిచిన చోటికి వెళ్ళావా లేదా? అదే పూజ" అని మళ్ళీ చదువులో పడిపోయింది.

ఇంకో తమాషా చెప్పాలి. ఆ ఏడాది నుంచీ మా రేవులో పెళ్ళిపడవ మీద పసుపుకుంకుమలు వెనక నుంచే ఇస్తున్నారు, కూర్చునే. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు ఎందుకలా అని అడిగితే, ఆ రోజు నా వెనకాల పిరుదుల మీద జరిగిన మేనత్తే ఇప్పుడు ముసలమ్మ అయి, "మా తాతల నాటి ఆచారమమ్మా ఇది. ఎనకటికి ఒక మునీశ్వరుడు చెప్పాడంట" అని చెబుతోంది. నేను పక్కనే ఉండి కూడా కాదనలేదు. ఆ మునీశ్వరుడు చీర కుచ్చెళ్ళు దోపుకుని, డీజిలు వాసన వేస్తూ ఉంటాడని చెబితే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు రోడ్డు పడింది, వంతెన వచ్చింది. పిన్ని చుక్కాని వదిలేసి చాన్నాళ్ళయింది. ఇన్నేళ్ళు ఆ ఇంజను పక్కన నిలబడ్డందుకు చెవులు రెండూ బాగా మందగించాయి. నేను వెళ్ళి పక్కన కూర్చుని స్తోత్రం చదివితే వినబడదు; నా పెదాలు చూసి, అయిపోయిందనుకున్నప్పుడు దణ్ణం పెడుతుంది. (ఒక్కోసారి మధ్యలోనే పెట్టేస్తుంది. అప్పుడు నేనూ అక్కడే ఆపేస్తాను.) మొన్న వాళ్ళింట్లో కోడలు గ్రైండరులో పప్పు వేస్తుంటే, నడుస్తూ వెళ్తున్నదల్లా ఆగి, గచ్చు మీద పాదం ఆనించి, "దీని బేరింగు పోయిందే, రేపో మాపో ఆగిపోద్ది" అంది. మర్నాడు ఆగిపోయింది.

పడవ ముక్కున కూర్చుని, గోదావరిని తానే శాంతింపజేస్తున్నానని గొంతు చించుకున్న ఆ పదిహేడేళ్ళ పిల్ల అప్పుడప్పుడు నాకు గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పాపం, దానికి వచ్చిందేదో అది చేసింది. దాన్ని, దానితోపాటు పడవెడు జనాన్ని గట్టు చేర్చిన మనిషి మా వీధి చివర ఇంట్లో ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీస్తూ ఉంటుంది. మీరు ఎప్పుడైనా, ఏ రేవులోనైనా, ఏరు దాటుతూ చేతులు జోడిస్తే, మా ఇంజను పిన్నిని ఒక్కసారి తలుచుకోండి. అసలు పేరు చెప్పలేదేమని అనుకోకండి. ఇంజను పిన్ని అంటే గోదారమ్మకి చాలు.